పెరటి కోళ్ల డైరీ: తోలుగుడ్లు, ఎర్రనల్లి, నట్టలు (పేగు పురుగులు)

మిర్యాలగూడ దగ్గర మా పెరట్లో రకరకాల కోళ్లు కలిసి తిరుగుతాయి. జనవరి చివర్లో గుడ్లు తగ్గాయి. వచ్చినవాటిలోనూ కొన్నిటికి పెంకు పలచగా ఉంటోంది, కొన్ని అసలు పెంకే లేకుండా తోలు సంచుల్లా వస్తున్నాయి. అప్పటి నుంచి జూన్ దాకా నోట్‌బుక్‌లో రాసుకున్నది ఇక్కడ వరుసలో పెడుతున్నాను. ఇదే ఇబ్బంది ఉన్నవాళ్లకు ఏది ముందు చూడాలో, దేనిమీద డబ్బు పెట్టనక్కర్లేదో తెలుస్తుంది. మందుల మోతాదులు మాత్రం రాయట్లేదు. కోడి బరువును బట్టి, మందు గాఢతను బట్టి అవి మారతాయి. పశువైద్యుడిని అడిగే వాడాలి.

## మందలో ఏమున్నాయి

గ్రామప్రియ పెట్టలు 6, వనరాజా పెట్టలు 4, నాటు పెట్టలు 3, నాటు పుంజు 1, గిన్నికోళ్లు 3, మూడు నెలల పిల్లలు 7. మొత్తం 24. గుడ్లు పెట్టే పెట్టలు 13. గిన్నికోళ్ల గుడ్లు ఈ లెక్కలో కలపలేదు, వాటికి సీజన్ వేరు.

గ్రామప్రియ, వనరాజా రెండూ హైదరాబాద్ రాజేంద్రనగర్‌లోని కోళ్ల పరిశోధన సంస్థ పెరటి పెంపకం కోసం తయారుచేసిన రకాలు. గ్రామప్రియ ముఖ్యంగా గుడ్ల కోసం, వనరాజా గుడ్లకూ మాంసానికీ. నాటు పెట్ట ఒక విడత గుడ్లు పెట్టి పొదుగుకు కూర్చుంటుంది. గ్రామప్రియ అలా ఆగదు, పెడుతూనే ఉంటుంది. ఒకే పెరట్లో ఒకే మేత తిన్నా ఏ లోటయినా ముందు గ్రామప్రియ గుడ్డులోనే బయటపడేది అందుకే.

గూడు 8 అడుగులకు 6 అడుగులు. మూడు పక్కలా ఇటుక గోడ, ముందు జాలీ, పైన రేకు. కింద ఊక. రాత్రి కూర్చోవడానికి వెదురు బొంగులు. గుడ్ల పెట్టెలు 4.

## దశ 1: ముందు లెక్క

మందు ఏదీ వేయకుండా, మేత మార్చకుండా ఒక వారం పూర్తిగా రాసుకోవడంతో మొదలుపెట్టాను. ఏమీ మార్చని వారం ఒకటి చేతిలో లేకపోతే తర్వాత చేసిన ఏ పని ఫలితం ఇచ్చిందో తేల్చలేం.

రాసుకున్నవి ఇవి:

1. గుడ్డు దొరికిన చోటు: పెట్టెలోనా, నేల మీదా, బొంగుల కిందా.
2. దొరికిన వేళ: తెల్లవారుజామునా, పదకొండు లోపా, మధ్యాహ్నమా.
3. గుడ్డు బరువు, పగలగొట్టాక కడిగి ఆరబెట్టిన పెంకు బరువు.

పెంకు తూకానికి నగల తూకం కావాలి, వంటింటి తూకం సరిపోదు. గుడ్డు బరువులో పెంకు 9 నుంచి 10 శాతం ఉంటే బాగున్నట్టు. 8 కంటే తగ్గితే చేతిలోనే చిట్లుతుంది.

గ్రామప్రియ గుడ్డు సగటున 52 గ్రాములు, పెంకు 3.8 గ్రాములు, అంటే 7.3 శాతం. నాటు గుడ్డు 42 గ్రాములు, పెంకు 4 గ్రాములు, అంటే 9.5 శాతం. మేత ఒకటే, నీళ్లు ఒకటే, ఎండ ఒకటే.

గుడ్డు పగలగొట్టకుండా చూడాలంటే ఉప్పునీళ్ల పద్ధతి ఉంది. లీటరు నీళ్లలో సుమారు 130 గ్రాముల ఉప్పు కరిగించి, ఆ రోజు పెట్టిన గుడ్డును అందులో వదలాలి. మునిగితే పెంకు మందంగా ఉన్నట్టు, తేలితే పలచగా ఉన్నట్టు. పాత గుడ్డుకు ఇది పనికిరాదు, లోపల గాలి పెరిగి పెంకు బాగున్నా తేలుతుంది.

లెక్క: వారానికి గుడ్లు 27. అందులో పెంకు పలచనివి 4, తోలుగుడ్లు 4, ముడతలది 1. నగల తూకం, వేలాడదీసే తూకం కలిపి ఖర్చు రూ. 630.

## దశ 2: ఏ గుడ్డు ఏ కోడిది

మంద మొత్తానికి సగటు తీస్తే ఏమీ తేలదు. పదమూడు పెట్టల్లో పెంకు ఇబ్బంది ఉన్నవి ఎన్నో ముందు తెలియాలి.

1. ప్రతి పెట్ట కాలికీ వేర్వేరు రంగు రింగు.
2. చీకటి పడ్డాక, కోళ్లు కదలకుండా కూర్చున్నప్పుడు, అనుమానం ఉన్న పెట్ట గుడ్డు వచ్చే దారి అంచుకు కొంచెం తినే రంగు పూయాలి. ఒక్కో కోడికి ఒక్కో రంగు.
3. మర్నాడు గుడ్డు మీద ఆ రంగు గీత కనిపిస్తుంది.
4. ఒక రాత్రి ఇద్దరు ముగ్గురికంటే ఎక్కువ కోళ్లకు పూయొద్దు, రంగులు కలిసిపోతాయి.

పలచ గుడ్లన్నీ మూడు గ్రామప్రియలవి: ఎరుపు, పసుపు, నీలం రింగులవి. ముడతల గుడ్డు ప్రతిసారీ ఒకే వనరాజాది. తోలుగుడ్లు మాత్రం రకరకాల కోళ్లవి, వాటిలో ఒక నాటు పెట్ట కూడా ఉంది. పెంకు 9.5 శాతం ఉండే నాటు పెట్ట తోలుగుడ్డు పెట్టిందంటే అది కాల్షియం లోటు ఒక్కటే కాదు. నోట్‌బుక్‌లో ఈ వరుస పక్కన నక్షత్రం గుర్తు పెట్టాను.

ముడతల వనరాజా గురించి డాక్టర్ గారు చూడగానే అడిగారు, "దీనికి పోయిన వానాకాలంలో జలుబు, గురక వచ్చాయా?" అని. వచ్చాయి. కొక్కెర తెగులు గానీ, శ్వాసనాళాల వైరస్ జబ్బు గానీ తగిలితే గుడ్డు తయారయ్యే నాళం దెబ్బతిని పెంకు ముడతలు పడుతుందట. కొన్ని కోళ్లలో అది జీవితాంతం అలాగే ఉండిపోతుంది. దానికి మందు వెతకడం అక్కడితో ఆపేశాను. పిల్లలకు టీకాల వరుస మాత్రం తప్పకుండా రాసిపెట్టుకున్నాను.

లెక్క: గుడ్లలో మార్పు లేదు. రింగులు, రంగు రూ. 100. మొత్తం రూ. 730.

## దశ 3: కాల్షియం

మా దగ్గర రైస్ మిల్లులు ఎక్కువ, నూకలు చవగ్గా దొరుకుతాయి. లేయర్ మేతతో (గుడ్లకోళ్ల కోసం అమ్మే మేత) పాటు నూకలు చల్లడం ఇక్కడ అందరి అలవాటు. ఎంత తింటున్నాయో తెలియాలని ఆరు గ్రామప్రియలను విడిగా ఉంచి, పెట్టిందీ మిగిలిందీ తూచాను. కోడికి రోజుకు లేయర్ మేత 58 గ్రాములు, నూకలు 50 గ్రాములు.

సంచి మీద కాల్షియం 3.5 శాతం అని ఉంది. 108 గ్రాములూ లేయర్ మేతే తింటే కోడికి 3.78 గ్రాముల కాల్షియం అందుతుంది. 58 గ్రాములే తింటే అందేది 2.03 గ్రాములు. నూకల్లో కాల్షియం లేనట్టే లెక్క. ఒక్క గుడ్డు పెంకులోకే సుమారు 2 గ్రాముల కాల్షియం పోతుంది, పైగా తిన్నదంతా ఒంటికి పట్టదు. మిగతాది కోడి తన ఎముకల్లోంచి తీసి పెంకుకు పెడుతోంది.

మొదటి పద్ధతి (పనిచేయలేదు): సున్నపురాయి పొడి మేతలో కలపడం. పిండిలాంటి పొడి గింజలకు అంటదు, తొట్టి అడుక్కి దిగిపోతుంది. సాయంత్రానికి అడుగున మిగిలిన తెల్లపొడి తూచితే వేసినదాంట్లో సగానికి పైనే ఉంది. ఇంకో ఇబ్బంది దానికంటే పెద్దది: అదే తొట్టిలో మూడు నెలల పిల్లలూ, పుంజూ తింటున్నాయి. ఎదిగే పిల్లకు మేతలో కాల్షియం సుమారు 1 శాతం చాలు. గుడ్లకోడి మోతాదు వాటికి రోజూ పడితే మూత్రపిండాలు పాడవుతాయి. కలిపి పెంచే మందలో మేతలో కాల్షియం కలపకూడదని తేలింది.

రెండో పద్ధతి (నిలబడింది): కాల్షియం విడిగా గిన్నెలో.

మేత దుకాణంలో అడిగితే "షెల్ గ్రిట్ అయిపోయింది అన్నా, రాతి నూక ఉంది, తీస్కపో" అన్నాడు. షెల్ గ్రిట్ అంటే ఆల్చిప్పల పలుకు. రాతి నూక సున్నపురాయే, అదీ పనికొస్తుంది. చూసుకోవాల్సింది పరిమాణం. 2 నుంచి 4 మిల్లీమీటర్ల పలుకు కావాలి, పొడి కాదు. పెంకు కట్టేది ఎక్కువగా రాత్రిపూట, ఆ పని సుమారు ఇరవై గంటలు సాగుతుంది. పొడి తొందరగా కరిగి బయటికి పోతుంది. పలుకు అయితే కందనకాయలో ఆగి రాత్రంతా కొంచెం కొంచెంగా కరుగుతుంది.

1. గిన్నెను పెద్ద పెట్ట వీపు ఎత్తులో గోడకు బిగించాను. పిల్లలకు అందదు.
2. మధ్యాహ్నం మూడు తర్వాత గిన్నె నింపుతాను. పెట్టలు సాయంత్రమే దాన్ని వెతుక్కుంటాయి.
3. నూకలు మూడో వంతుకు తగ్గించి, సాయంత్రం చివర్లో మాత్రమే చల్లుతున్నాను.
4. ఇంట్లో గుడ్డు పెంకులు ఎండబెట్టి, పెంకు ఆకారం కనిపించనంత సన్నగా నలిపి అదే గిన్నెలో వేస్తున్నాను.

తాంబూలం సున్నం, గోడ సున్నం పెట్టమని ఇద్దరు ముగ్గురు సలహా ఇచ్చారు. వద్దు. అవి నోరు, గొంతు కాలుస్తాయి.

ఎవరు తింటున్నారో గిన్నె దగ్గర కూర్చుని చూశాను. ఎరుపు రింగు పెట్ట వచ్చి తల పక్కకు వంచి, ఒక్కో పలుకునూ ఏరి తింది. నాటు పెట్ట రెండు తిని వెళ్లిపోయింది. పుంజు ఒకసారి పొడిచి చూసి వదిలేసింది. ఎవరికి ఎంత కావాలో అవే తీసుకుంటున్నప్పుడు మనం కొలిచి కలపాల్సిన పనే లేదు.

మూడు వారాల తర్వాత గ్రామప్రియ పెంకు 4.7 గ్రాములకు వచ్చింది, అంటే 9 శాతం. పలచ గుడ్లు 4 నుంచి 1కి దిగాయి. తోలుగుడ్లు మాత్రం 4 దగ్గరే ఉన్నాయి.

లెక్క: గుడ్లు 28. పలచనివి 1, తోలువి 4, ముడతలది 1. రాతి నూక, గిన్నెలు రూ. 210. మొత్తం రూ. 940.

## దశ 4: తోలుగుడ్లు ఎక్కడ దొరుకుతున్నాయి

పరిష్కారం మందులో దొరకలేదు, నోట్‌బుక్‌లో "దొరికిన చోటు" అన్న గడిలో దొరికింది. పలచ గుడ్లన్నీ పెట్టెల్లో పడ్డాయి. తోలుగుడ్లు అన్నీ తెల్లారేసరికి బొంగుల కింద ఊకలో ఉన్నాయి. అంటే పెంకు కట్టడం పూర్తికాకుండానే రాత్రిపూట కోడి వాటిని వదిలేస్తోంది. రాత్రి కోళ్లను ఏదో కదిలిస్తోంది.

ముందు పిల్లి, పాము, ఎలుక అనుకుని చూశాను. జాలీ కింద కొత్త బొరియలు లేవు, ఊకలో జాడలు లేవు. ఇంకో గుర్తు మాత్రం ఉంది: చీకటి పడ్డా మూడు పెట్టలు గూట్లోకి రావట్లేదు, నిమ్మచెట్టు ఎక్కుతున్నాయి. గూడు అలవాటైన కోడి గూడు వద్దంటే లోపల ఏదో ఉన్నట్టే.

రాత్రి పదకొండు తర్వాత టార్చ్ తీసుకుని వెళ్లాను. కోళ్ల మీద పైకి ఏమీ కనిపించలేదు. తెల్ల టిష్యూ కాగితం మడిచి బొంగు అడుగు భాగం వెంట గట్టిగా తుడిచాను. కాగితం మీద ఎర్రటి గీతలు పడ్డాయి, తడి నెత్తురు. గీతల మధ్య మిరియపు పొడి రేణువంత ఉన్నవి కొన్ని ఇంకా నడుస్తున్నాయి. టార్చ్ బొంగు కణుపు దగ్గర పెడితే, కణుపు చుట్టూ బూడిద రంగు పొడిలా పేరుకున్నది వెలుతురుకు కదిలి పగుల్లోకి జారిపోయింది.

ఎర్రనల్లి. మిరప తోటలో వచ్చే నల్లి కాదు ఇది, కోళ్ల రక్తం తాగే రకం. పగలు కోడి ఒంటి మీద ఉండదు, గోడ పగుళ్లలో, కర్ర సందుల్లో, పెట్టె మూలల్లో దాక్కుంటుంది. రాత్రి వచ్చి తాగి వెళ్లిపోతుంది. అందుకే పగలు ఎన్నిసార్లు కోడిని పట్టుకుని ఈకలు విప్పి చూసినా దొరకదు. తాగకముందు బూడిద రంగు, తాగాక ఎరుపు. మన ఎండలకు వారం పది రోజుల్లోనే గుడ్డు నుంచి పెద్దదవుతుంది. ఆకలితో నెలల తరబడి బతకగలదు, కాబట్టి గూడు కొన్నాళ్లు ఖాళీ పెడితే పోతుందనుకోవడానికి లేదు.

కోళ్ల తురాయిలు కూడా చూశాను. గూట్లో కింది బొంగు మీద పడుకునే రెండు పెట్టల తురాయి పాలిపోయి ఉంది, చెట్టెక్కే మూడింటిది ఎర్రగా ఉంది.

## దశ 5: నల్లి మీద పని

మొదటి స్ప్రే (పనిచేయలేదు): డాక్టర్ గారు రాసిచ్చిన మందును చెప్పిన పాళ్లలో కలిపి, కోళ్లను బయటికి తోలి బొంగులకు, గోడలకు కొట్టాను. మర్నాడు టిష్యూ శుభ్రంగా వచ్చింది. వారం తిరిగేసరికి గీతలు మళ్లీ వచ్చాయి. కారణం రెండు విధాలు. నల్లి గుడ్ల మీద ఆ మందు పనిచేయదు, అవి పొదిగి కొత్తవి వస్తాయి. రెండోది వెదురు. ఒక బొంగును కత్తితో నిలువునా చీల్చితే లోపలి డొల్ల గోడకు నల్లి మందంగా అతుక్కుని ఉంది. పైన ఎంత కొట్టినా అక్కడికి మందు చేరదు.

చేసిన మార్పులు:

1. వెదురు బొంగులన్నీ పెరటి చివర కాల్చేశాం.
2. ఊక అంతా ఎత్తి దూరంగా పారబోశాం. గోడ పగుళ్లు సిమెంటుతో పూడ్చి, రెండు పూతల సున్నం వేశాం.
3. గుడ్ల పెట్టెలు విప్పి, మరిగే నీళ్లు పోసి, ఎండలో పెట్టాం.
4. మొదటి స్ప్రే తర్వాత ఏడో రోజు ఒకసారి, పద్నాలుగో రోజు ఇంకోసారి అదే మందు.

బొంగుల స్థానంలో ముందు ఇనుప పైపులు పెట్టాను, పగుళ్లు ఉండవని. నల్లికి బాగానే ఉంది గానీ కోళ్లకు బాగాలేదు. బరువైన వనరాజాల కాళ్లు జారి రాత్రి కింద పడ్డాయి. తాడు చుడితే ఆ మలుపులే నల్లికి ఇల్లవుతాయి. పైపులు తీసేసి, రెండంగుళాల చదరపు చెక్క నున్నగా చిత్రిక పట్టించి, అంచులు గుండ్రం చేయించి, పెయింట్ వేసి పెట్టాను. గోడలో దూర్చలేదు. నాలుగు ఇనుప కాళ్ల మీద నిలబెట్టి, ఒక్కో కాలు కింద వాడేసిన నూనె పోసిన చిన్న డబ్బా ఉంచాను. గోడ నుంచి చెక్క మీదికి నల్లి రావాలంటే ఆ నూనె దాటాలి.

పని అయిందో లేదో తెలుసుకోవడానికి చెక్క అడుగున అట్టపెట్టె ముక్కలు కట్టాను, లోపల గొట్టాల్లాంటి మడతలున్న అట్ట. పగలు నల్లి వాటిలో దూరుతుంది. వారానికోసారి తీసి, కవర్లో దులిపి లెక్కపెట్టి, అట్ట కాల్చేసి కొత్తది కట్టాలి. మొదటి వారం లెక్కకు అందలేదు. తర్వాతి వారం 40, ఆపైన 6, ఆపైన 0. మళ్లీ ఒకసారి 1 కనిపించింది, కాబట్టి అట్టలు తీసేయలేదు.

పంటల మందు కొట్టమని చాలామంది అంటారు. వరికీ మిరపకూ వాడే ఫిప్రోనిల్ నల్లిని చంపుతుంది, నిజమే. అది గుడ్డులోకి దిగుతుంది. 2017లో నెదర్లాండ్స్, బెల్జియం కోళ్ల ఫారాల్లో ఇదే ఎర్రనల్లి కోసం ఫిప్రోనిల్ వాడారని బయటపడి, యూరప్ దేశాల్లో లక్షల కొద్దీ గుడ్లు మార్కెట్ నుంచి వెనక్కి తీసుకున్నారు. మన పెరటి గుడ్డు మొదట తినేది మన ఇంట్లో పిల్లలే. పంట మందు గూటి దగ్గరికి తీసుకురావద్దు.

నల్లి తగ్గిన రెండో వారానికి బొంగుల కింద గుడ్డు దొరకడం ఆగింది. చెట్టెక్కే మూడూ వాటంతటవే గూట్లోకి వచ్చాయి.

లెక్క: గుడ్లు 34. పలచనివి 1, తోలువి 0, ముడతలది 1. స్ప్రే, మందు, సున్నం, సిమెంటు రూ. 620, పైపులు రూ. 900, చెక్కలు, ఇనుప కాళ్లు రూ. 700. మొత్తం రూ. 3,160. పైపులు కొనకపోతే 2,260లో అయిపోయేది.

## దశ 6: పేలు, కాళ్ల పొలుసులు

పేను వేరు, నల్లి వేరు. పేను పుట్టుకా చావూ కోడి మీదే, పగలు కూడా కనిపిస్తుంది. తోక కింద ఈకలు విప్పితే గడ్డి రంగులో పరిగెత్తుతాయి. ఈక మొదట్లో తెల్లటి గుత్తిలా అతుక్కున్నవి వాటి గుడ్లు.

అన్నిటికంటే ఎక్కువ పేలు ఉన్నది ముక్కు పైభాగం విరిగిన నాటు పెట్టకు. ముక్కుతో ఈకలు దువ్వుకోలేని కోడి పేలను ఏరుకోలేదు. ఇలాంటి కోడిని వారం వారం విడిగా చూడాలి.

బూడిద స్నానం కోసం రెండడుగుల తొట్టిలో సన్న మట్టి, కట్టెల బూడిద, ఎండు వేపాకు పొడి వేసి నీడలో పెట్టాను. గిన్నికోళ్లతో సహా అన్నీ దిగుతున్నాయి. పేలు తక్కువున్న కోళ్లకు ఇది సరిపోయింది. ఎక్కువున్న ముగ్గురికి సరిపోలేదు, వాటికి డాక్టర్ గారు చెప్పిన పౌడరు తోక కింద, రెక్కల కింద చల్లి, పది రోజులకు మళ్లీ చల్లాను. పేను గుడ్లు ఈలోపు పొదుగుతాయి కాబట్టి రెండోసారి తప్పనిసరి.

పుంజు కాళ్ల మీద పొలుసులు పైకి లేచి, తెల్లటి పొట్టు కట్టాయి. పొలుసు కింద దూరే ఇంకో రకం నల్లి అది. కిరసనాయిలు పూయడం పాత అలవాటు, చర్మం కాలుతుంది, వద్దు. గోరువెచ్చని సబ్బు నీళ్లలో కాళ్లు నానబెట్టి, మెత్తటి బ్రష్‌తో రుద్ది, తుడిచి, వేసలిన్ దట్టంగా పట్టించాలి. గాలి ఆడక లోపలి నల్లి చస్తుంది. పొలుసులు గిల్లకూడదు. వారానికి రెండుసార్లు చేస్తే నెలకు పొట్టు రాలింది. పాత పొలుసులు మామూలుగా రావడానికి ఇంకా సమయం పడుతుంది.

లెక్క: గుడ్లు 34. ఖర్చు రూ. 190. మొత్తం రూ. 3,350.

## దశ 7: నట్టలు

ఎరుపు రింగు గ్రామప్రియ బాగా తింటోంది, బరువు మాత్రం 1.42 కిలోలు దాటట్లేదు. రెట్టలో తెల్లటి గింజల్లాంటివి కనిపించాయి. నూకలు తినే కోడి కదా అని వదిలేయకండి. అప్పుడే పడిన రెట్టను గాజు పలక మీద పెట్టి కాసేపు చూడండి. నూక కదలదు. బద్దెపురుగు ముక్క ముడుచుకుని చాచుకుంటుంది.

ముదురు గోధుమ రంగులో జిగటగా, బాగా కంపుకొట్టే రెట్ట అప్పుడప్పుడు పడటం మాత్రం మామూలే. అది పేగు చివరి సంచుల నుంచి వచ్చేది. దాన్ని చూసి జబ్బు అనుకోనక్కర్లేదు.

రెట్ట నమూనా పశువైద్యశాలకు ఎలా తీసుకెళ్లాలంటే:

1. తెల్లవారుజామున పడిన తాజా రెట్ట, నాలుగైదు చోట్ల నుంచి.
2. ఊక, మట్టి అంటనిది. రాత్రి చెక్కల కింద ప్లాస్టిక్ కాగితం పరిస్తే సులువు.
3. మూత ఉన్న చిన్న డబ్బాలో, ఎండ తగలకుండా, అదే ఉదయం.

మైక్రోస్కోపు కింద ఏలికపాము గుడ్లూ బద్దెపురుగు గుడ్లూ రెండూ ఉన్నాయి. ఇది తెలియడం ఎందుకు ముఖ్యమంటే, దుకాణంలో ముందుగా చేతికి వచ్చే పిపరజిన్ మందు ఏలికపాముల మీదే పనిచేస్తుంది, బద్దెపురుగును ఏమీ చేయదు. పక్కింట్లో అదే మందు రెండుసార్లు తాగించినా రెట్టలో ముక్కలు ఆగలేదు. డాక్టర్ గారు రెండింటికీ సరిపోయే మందు, కోళ్ల బరువులు చూసి రాశారు. అందుకే ముందురోజు రాత్రి అన్నిటినీ తూచి పెట్టుకోవాలి. చెప్పినన్ని రోజులు గుడ్లు తినలేదు, ఎవరికీ ఇవ్వలేదు, గుంతలో పూడ్చాం. ఉడికిస్తే మందు పోతుందనుకోవద్దు.

మందు సగం పనే చేస్తుంది. బద్దెపురుగు కోడికి నేరుగా రాదు, చీమలు, పేడపురుగుల ద్వారా వస్తుంది. మా తొట్టి కింద చిందిన మేతకు చీమల బారు ఎప్పుడూ ఉండేది. తొట్టిని వేలాడదీసి, సాయంత్రానికి కింద ఊడ్చడం మొదలుపెట్టాం. ఏలికపాము గుడ్లు తడి నేలలో రెండు మూడు వారాల్లో అంటుకునే స్థితికి వస్తాయి. నీళ్ల గిన్నె చుట్టూ బురద లేకుండా ఇటుకలు పరిచాం. పెరటిని వల కట్టి రెండు భాగాలు చేశాం. ఒకటి కోళ్లు వాడుతుంటే ఇంకోటి ఎండుతుంది.

రెండోసారి రెట్ట పరీక్షలో బద్దెపురుగు లేదు, ఏలికపాము గుడ్లు బాగా తగ్గాయి. ఎరుపు రింగు బరువు 1.61 కిలోలు.

లెక్క: గుడ్లు 36. మందు, వల రూ. 540. మొత్తం రూ. 3,890.

## దశ 8: ఎండలు, గుడ్లు తినే కోడి, దాచిన గూళ్లు

ఏప్రిల్ చివర్లో పలచ గుడ్లు మళ్లీ 3కి పెరిగాయి. రాతి నూక గిన్నె అలాగే ఉంది, నల్లి లేదు. ఎండకు కోళ్లు నోరు తెరిచి రొప్పుతాయి, ఆ రొప్పులో రక్తంలోని కార్బన్ డయాక్సైడ్ తగ్గిపోయి పెంకుకు కావాల్సిన సరుకు తయారవదు. మేత కూడా తక్కువ తింటాయి. రేకు మీద తడి గోనెలు, ముందు గ్రీన్‌నెట్, మేత తెల్లవారుజామున ఐదింటికీ పొద్దుగూకాకా. నీళ్లు మట్టి పాత్రల్లో, మధ్యాహ్నం మార్చి. పలచనివి 1కి వచ్చాయి. అంతకంటే దించలేకపోయాం, జూన్ వానలతోనే సర్దుకుంది.

పలచ గుడ్డు పెట్టెలో చిట్లితే పసుపు రింగు పెట్ట రుచి మరిగింది. మిరప్పొడి కూరిన గుడ్డు పెట్టమన్నారు. పెట్టాం, శుభ్రంగా తినేసింది. పక్షులకు మిరప ఘాటు తెలియదు, అడవిలో మిరప గింజలను చల్లేవి పక్షులే. పనిచేసినవి వేరు: పెట్టెకు చీకటి వచ్చేలా గోనె పరదా, రోజుకు మూడుసార్లు గుడ్లు ఏరడం, పెట్టెలో ఎప్పుడూ రెండు చెక్క గుడ్లు. ముక్కు నొప్పి పుట్టేదాకా పొడిచి వదిలేసింది.

గిన్నికోళ్లు గడ్డివాము వెనక గూడు పెట్టాయి. అక్కడ 11 గిన్ని గుడ్లతో పాటు 5 కోడిగుడ్లు దొరికాయి. ఎప్పటివో తెలియనివి మంచినీళ్లలో వేసి, తేలినవి పారేశాం. "గుడ్లు తగ్గాయి" అని మందుల షాపుకు వెళ్లేముందు గడ్డివాము, పొదలు, కట్టెల మోపు వెనక ఒకసారి చూడండి. ఇప్పుడు ఉదయం పది దాటాకే కోళ్లను బయటికి వదులుతున్నాం. ఎక్కువ గుడ్లు అప్పటికే పెట్టెల్లో పడిపోతాయి.

లెక్క (జూన్ రెండో వారం): గుడ్లు 39. పలచనివి 0, తోలువి 0, ముడతలది 1. గ్రీన్‌నెట్, చెక్క గుడ్లు రూ. 720. మొత్తం రూ. 4,610.

## ఇప్పుడు నడుస్తున్నది

- ప్రతి ఆదివారం అట్ట ముక్కలు విప్పి నల్లి లెక్క, నూనె డబ్బాలు నింపడం.
- నెలకోసారి రాత్రి అన్ని కోళ్లనూ తూచి, తోక కింద ఈకలు చూడటం.
- వానాకాలం మధ్యలో ఒకసారి రెట్ట పరీక్ష. అందులో ఏమైనా వస్తేనే నట్టల మందు, రాకపోతే లేదు.
- కొత్త కోడిని కొంటే నెల రోజులు వేరే గూట్లో. నల్లి, పేలు, నట్టలు కొత్త కోడితోనే, అది వచ్చిన బుట్టతోనే వస్తాయి. బుట్ట కూడా లోపలికి తేవద్దు.
- నీలం రింగు గ్రామప్రియ పెంకు 8.1 శాతం దగ్గర ఆగింది. దాని వయసు రెండేళ్లు దాటింది, గుడ్డు పెద్దదవుతోంది, పెంకు బరువు మాత్రం అంతే ఉంది. దానికి కొత్తగా ఏమీ చేయట్లేదు. దాని గుడ్లు పొదుగుకు పెట్టకుండా ముందు కూరకు వాడుతున్నాం.